హక్కును వరం చేసిన సినిమా

రాజమౌళి తీసిన 'ఆర్‌ఆర్‌ఆర్' (2022)కు పొగడ్తలకేం కొదవ లేదు. దాని చివరి సన్నివేశం గురించి మాత్రం మనం మాట్లాడుకోవాల్సింది ఇంకా ఉంది. నీకేం కావాలని రామరాజు అడుగుతాడు. చదువు కావాలంటాడు భీము. రామరాజు 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. గోండుల పోరాటంతో ముడిపడిన నినాదాన్ని క్షత్రియుని చేత రాయించి గోండు చేతిలో పెట్టారన్నమాట! ఇది కల్పిత కథే గదా అంటారు. నిజమే. కల్పనకు ఎన్నో దార్లున్నాయి. అయినా ఇచ్చే చెయ్యి ఎవరిది, చాచే చెయ్యి ఎవరిది అన్నది కల్పనలోనూ ఎందుకు మారలేదు?

చరిత్రలో భీము ఎవర్నీ దేబిరించలేదు. సాగుభూమి, అడవి తమవేనని నిజాం సర్కారుతో తలపడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు తర్వాతే సర్కారు కారణాలు తెలుసుకోవడానికి హైమెండార్ఫ్‌ను పంపింది. గోండులకు పట్టాలొచ్చినయి. 1356 ఫసలీ రెగ్యులేషన్ వచ్చింది. అవి పోరాడి రాబట్టుకున్నవి.

అమెరికాలో మకా తెగ సంగతి ఇక్కడ పనికొస్తుంది. 1855 నియా బే ఒప్పందంలో వాళ్లు చాలా భూమి వదులుకున్నారు, తిమింగలాల వేట మాత్రం తమకే ఉంచుకున్నారు. అంటే ఆ హక్కు ప్రభుత్వం ఇచ్చింది కాదు, వాళ్లు అట్టిపెట్టుకున్నది. 1999లో ఒక తిమింగలాన్ని వేటాడినాక కోర్టులు అడ్డుకున్నాయి. వేటకు మినహాయింపు 2024 దాకా దొరకలేదు. ఒప్పందం తమదైనా అనుమతి కోసం పాతికేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది.

మనకు అట్లాంటి ఒప్పందం లాంటిదే రాజ్యాంగం అయిదో షెడ్యూలు. దాని బలంతోనే 1/70 చట్టం నిలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వమైనా సరే ప్రైవేటు గనుల కంపెనీలకు భూమి లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

గుడిబండ లాంటి కరువు మండలంలో డి.కె.టి. పట్టా పట్టుకున్న మాదిగోనికి ఈ చర్చతో ఏం పని? ఉంది. ఆయన భూమిని కూడా 'సర్కారు ఇచ్చిన భూమి' అనే అంటారు. తరతరాలు ఎవరి పొలాల్లోనో చాకిరీ చేసినోళ్లకు రావాల్సిన బాకీ అని ఎవరూ అనరు. ఇచ్చామనే మాట నిలబడినంతకాలం, ఇచ్చినోడు ఎప్పుడైనా గుంజుకోవచ్చు.

అందుకే ఆ సన్నివేశాన్ని చప్పట్లతో వదిలేయలేం. అది హక్కు అనే మాటను తీసేసి, అక్కడ దయను కూర్చోబెట్టింది.