మంద్రానికి జేజేలు

మంద్రమా, నీ పేరెత్తి పొగిడేవాళ్ళు తక్కువ. కచేరీ ముగిశాక గాయకుడి గొంతును తలుచుకుంటారు, వేణువును తలుచుకుంటారు, డ్రమ్స్ వాయించిన కుర్రాడి చేతివేగాన్ని బస్సెక్కేదాకా చెప్పుకుంటారు. నువ్వు ఒక్క ఆవర్తం ఆగిపోయావంటే మాత్రం పందిరంతా వెలితి పడుతుంది. ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది, ఏది తగ్గిందో ఎవరికీ అందదు. అలా కనపడకుండా పాటను మోసే నీకు జేజేలు. ఎనిమిది అంగుళాల స్పీకరుతో నిన్ను మోయడానికి పూనుకున్న చిన్న బేస్ ఆంప్‌కు అంతకన్నా రెండింతల జేజేలు.

చిన్న ఆంపూ, నిన్ను వేలూరులో ఎక్కించి, పాలారు వంతెన దాటి, కాట్పాడి, కె.వి. కుప్పం మీదుగా గుడియాత్తం తీసుకెళ్ళే బస్సులో చూడాలి. లుంగీల మూటలకూ పూలగంపలకూ మధ్య ఇంత చోటు దొరికితే చాలు, ఒదిగిపోతావు. పెద్ద క్యాబినెట్‌కు వ్యాను కావాలి, వ్యానుకు బాడుగ కావాలి, ఆ బాడుగ గిట్టుబాటయ్యే కచేరీ దొరకాలి. నీకు ఒక భుజం చాలు. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తనల వెనక నువ్వే, సాయంత్రం కల్యాణమండపంలో రిసెప్షన్ పాటల వెనక నువ్వే, ఎండాకాలం జాతరలో గంగమ్మ పందిరి పక్కన కట్టిన స్టేజి మీదా నువ్వే. దేవుళ్ళు మారినా నీ నాబ్‌లు అవే.

ఈ నేల కథ కొంచెం చెప్పాలి. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు జిల్లాను విడదీసినప్పుడు వేలూరు, గుడియాత్తం అటువైపు ఉండిపోయాయి. మన మాట మాత్రం ఇళ్ళల్లో మిగిలింది. చిత్తూరు జిల్లా అడవుల మీదుగా వచ్చే కౌండిన్య నది గుడియాత్తం ఊరి మధ్యనుంచే పోతుంది. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. స్టేజి మీద ఒక తమిళ పాట, దాని వెనకే ఒక తెలుగు పాట. గాయకుడు భాష మార్చినప్పుడు బేస్ మీటేవాడు మార్చాల్సిందేమీ ఉండదు. అక్కడ మంద్రం రెండు భాషలకూ ఒకే పీట వేస్తుంది.

ఇక నీ కష్టం చెప్తాను. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన ‘ఈ’ (E) తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే అది సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. వేలూరు ఎండలో, 35 డిగ్రీల గాలిలో, ధ్వని సెకనుకు సుమారు 352 మీటర్లు పోతుంది. ఆ లెక్కన ఆ ఒక్క స్వరం అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. జానెడు స్పీకరు ఎనిమిదిన్నర మీటర్ల అలను పుట్టించాలి! స్వరం ఒక స్థాయి కిందికి దిగిన ప్రతిసారీ, అంతే బిగ్గరగా వినిపించాలంటే స్పీకరు అట్ట నాలుగింతలు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. అంత ఊగే జాగా నీలో లేదు. పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు ఆంటన్ హాఫ్‌మన్ భౌతికశాస్త్రం చదివి స్పీకర్ల తయారీలోకి వచ్చాడు. ఆయన పేరుతో ఒక నియమం నిలిచింది: పెట్టె చిన్నదిగా ఉండాలి, మంద్రం లోతుగా పలకాలి, తక్కువ కరెంటుతో బిగ్గరగా మోగాలి. ఈ మూడింట్లో రెండే అడగాలి. మూడోది వదులుకోవాలి.

అయినా నువ్వు మంద్రాన్ని వినిపిస్తావు. ఇదే నీలో నన్ను కట్టిపడేసే సంగతి.

‘ఈ’ తీగ 41 ఒక్కటే పలకదు. దాని మీద 82, ఆపైన 124, ఆపైన 165, ఇలా అనుస్వరాల వరస ఒకటి మోగుతుంది. అడుగున ఉన్న 41ను నువ్వు సరిగ్గా పలకలేకపోయినా ఆ పై మెట్లను శుభ్రంగా పలికితే, వాటి మధ్య ఎడాన్ని పట్టుకుని మన చెవి కింది మెట్టును తనే కట్టుకుంటుంది. లేని స్వరం వినిపిస్తుంది. నువ్వు సగం పలుకుతావు, వినేవాడి మెదడు మిగతా సగం పలుకుతుంది. తంబురా నీడలో పెరిగిన మన చెవులకు ఇది కొత్త విద్యేమీ కాదు. సి.వి. రామన్ 1921లో మన తీగ వాద్యాల మీద రాసిన వ్యాసంలో తంబురాను పరిశీలించాడు. దాని గుర్రం వంపు, తీగ కింద దూర్చే నూలుపోగు కలిసి, మామూలు లెక్క ప్రకారం వినపడకూడని అనుస్వరాలను కూడా ఎలా మోగిస్తాయో చూపించాడు. తంబురా గొప్పతనం ఆ పై మెట్ల నిండుదనంలోనే ఉంది. చిన్న ఆంప్‌లో మంచి టోన్ రహస్యమూ అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

ట్రాన్సిస్టర్ రేడియో రోజులు గుర్తున్నవాళ్ళు ఈ మాటను వెంటనే ఒప్పుకుంటారు. 1976లో అన్నకిళితో మొదలై, 1983లో సాగర సంగమం, 1989లో గీతాంజలి దాకా ఇళయరాజా పాటలు కొండల అటూ ఇటూ మోగాయి. ఆ పాటల్లో బేస్ గిటార్ పల్లవి వెనక ఒదిగి నడవదు, తన పాట తను పాడుకుంటూ పోతుంది. వాటిలో బేస్ మీటిన శశిధరన్ వేళ్ళు ఎన్నో పాటలను ఆ కింది తీగల మీదే నేశాయి. మరి ఆ పాటల్ని మనం విన్నది దేంట్లో? అరచేయంత స్పీకరున్న రేడియోలో, టీకొట్టు గోడకు తగిలించిన డబ్బాలో. ఆ డబ్బాకు 41 తెలియదు, 82 కూడా అంతంతమాత్రమే. అయినా ఆ బేస్ నడకను మనం పెదాలతో పలుకుతూ ఇంటికొచ్చేవాళ్ళం. లోతు ఎక్కడినుంచి వచ్చిందని ఆ రోజు ఎవరూ అడగలేదు.

చిన్న పెట్టెకు పెద్ద పూర్వీకుడు ఒకడున్నాడు. ఆంపెగ్ సంస్థ 1960లో తెచ్చిన బి-15. ఒకే ఒక పదిహేను అంగుళాల స్పీకరు, 25 వాట్ల వాల్వు ఆంప్. ఆంప్‌ను తిరగేసి పెట్టెలోకే దించి మూత వేసేసుకోవచ్చు. మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బేస్ మీటి ప్రాణం పోసిన జేమ్స్ జామర్సన్ క్లబ్ కచేరీల్లో దాన్నే వాడేవాడు. ఆయన మీటింది ఒకే వేలితో, కుడిచేతి చూపుడువేలితో. తీగలు నున్నటి ఫ్లాట్‌వౌండ్‌లు, అదీ తెగేదాకా మార్చేవాడు కాదట. గుర్రం దగ్గర మూత కింద స్పాంజి ముక్క. ఆ కొద్దిపాటి సరంజామాతో ఒక తరం పాటలకు నడక నేర్పాడు. 25 వాట్లు తక్కువని బెంగపడే ప్రతి కుర్రాడికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

స్టేజి మీద రోజూ జరిగేది చూడండి. ట్రూపు నడిపే పెద్దాయన వెనక్కి తిరిగి, “తమ్ముడూ, బేస్ వినపడలేదురా!” అంటాడు. “పెంచుతానన్నా!” అంటూ తమ్ముడి చెయ్యి నేరుగా బేస్ నాబ్ మీదికి పోతుంది. అక్కడే పాపం ఆ చిన్న ఆంప్ ఊపిరి పోతుంది. ఆ నాబ్‌ను ఆరు డెసిబెల్స్ పైకి తిప్పితే ఆ కింది స్వరాలకు నాలుగింతల వాట్లు కావాలి. 25 వాట్లలో నాలుగింతలు ఎక్కణ్ణించి తెస్తుంది? స్పీకరు బరబరలాడుతుంది, స్వరం ముద్దవుతుంది, పెద్దాయనకు ఇంకా వినపడదు. ఆ చెయ్యి మిడ్ నాబ్ మీదికి పోవాలి. స్వరం గుర్తు, వేలి స్పర్శ, తాళానికి దాని అతుకు, ఇవి ఎక్కువగా సెకనుకు 400 నుంచి 800 కంపనాల మధ్య ఉంటాయి. మిడ్ కొద్దిగా పెంచి, బేస్ కొద్దిగా తగ్గించి, ఇప్పుడు వాల్యూమ్ పెంచితే అదే పెట్టె రెండింతలు పెద్దదైనట్టు మోగుతుంది. ఒంటరిగా ఇంట్లో వింటే ఆ టోన్ కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఉండనివ్వాలి. డ్రమ్స్, కీబోర్డు, గొంతు వచ్చి చేరాక దాని చోటు దానికి దొరుకుతుంది.

ఇంట్లో నెమ్మదిగా వాయించేటప్పుడు ఇంకో మాయ ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి కింది స్వరాలు ముందుగా వినపడకుండా పోతాయి. ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు 1933లో కొలిచి చూపించిన సంగతి ఇది. అందుకే రాత్రి పడకగదిలో బేస్ పెంచి కుదుర్చుకున్న టోన్ మర్నాడు మండపంలో బిగ్గరగా పెట్టగానే బురదవుతుంది. మండపంలో టోన్‌ను మండపంలోనే కుదుర్చుకోవాలి.

గదినీ పొగడాలి, గదితో పోట్లాడాలి. 14 అడుగుల గది మన ఇళ్ళల్లో మామూలే. వేలూరు ఎండలో ‘ఈ’ తీగ అలలో సరిగ్గా సగం ఆ 14 అడుగులు! అందుకే ఆ గదిలో గోడపక్కన నిలబడితే ‘ఈ’ తీగ ఉరుముతుంది, నడిగదిలో నిలబడితే మాయమవుతుంది. ఆంప్ పాడైందని కొట్టుకు మోసుకెళ్ళేముందు రెండడుగులు పక్కకు జరిగి వినండి. గోడకు దగ్గరగా పెడితే మంద్రం పెరుగుతుంది, మూలలో పెడితే ఇంకా పెరుగుతుంది, కాసు ఖర్చు లేదు. సిమెంటు గోడలు, నున్నటి గ్రానైట్ నేల ఉన్న మండపంలో మాత్రం మూల వద్దు, అక్కడ ముందే గింగురు ఎక్కువ. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి, ముందువైపు కింద ఒక ఇటుకముక్క దూర్చి, స్పీకరును చెవివైపు ఎత్తండి. మంద్రం నాలుగువైపులా పాకుతుంది గానీ పై మెట్లు స్పీకరు చూస్తున్న దిక్కుకే పోతాయి. నేలమీద పెట్టిన ఆంప్ మోకాళ్ళకు పాడుతుంది.

హమ్ అనే కరెంటు రొద గురించి ఒక ముచ్చట. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ‘ఈ’ తీగ మూడో మెట్టు మీది స్వరం 49. సరిగ్గా పక్కపక్కనే! ఎర్త్ సరిగా లేని పందిట్లో ఆ స్వరం పట్టుకుంటే, హమ్ దానితో రాసుకుని సెకనుకు ఒక్కసారి అల లేచి పడుతుంది. వినడానికి వింతగా ఉన్నా అది హెచ్చరిక. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ పిన్ను కాపాడేది మనిషి ప్రాణాన్ని.

నాబ్‌లు ఎన్ని తిప్పినా చివరికి టోన్ పుట్టేది వేలి కొన మీద. మెడకు దగ్గరగా మీటితే స్వరం గుండ్రంగా వస్తుంది, గుర్రానికి దగ్గరగా మీటితే గట్టిగా, గీతగీసినట్టు వస్తుంది. చిన్న ఆంప్‌కు ఆ రెండింటి నడుమ చోటు బాగా నచ్చుతుంది. గట్టిగా లాగడం కన్నా మెత్తగా మీటి వాల్యూమ్ పెంచడం మేలు, ఎందుకంటే లాగిన దెబ్బ మొదటి క్షణంలోనే ఉన్న వాట్లన్నీ తినేస్తుంది. ఇక ఎడమచెయ్యి. దాన్ని పొగిడేవాళ్ళు అసలే లేరు. స్వరాన్ని ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. డ్రమ్ దెబ్బ పడేచోట తీగను నొక్కి ఊరుకోబెడితే ఆంప్‌కు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది, తర్వాతి స్వరం నిండుగా వస్తుంది. మంద్రం అందం సగం ఆ ఖాళీల్లో ఉంది.

ఏటా మే నడిమిలో, తమిళ నెల వైకాశి పుట్టగానే, గుడియాత్తం గోపాలపురం గంగమ్మ శిరసు ఊరేగింపు వస్తుంది. కౌండిన్య ఒడ్డున ఇసుక వేస్తే రాలదు. పంబలు, పలకలు ఒక్కసారిగా మోగుతాయి. ఆ ఆరుబయట నీకు ఆనుకోవడానికి గోడ లేదు, తిరిగిచ్చే కప్పు లేదు. పెద్ద సౌండ్ బాక్సులు జనానికి పాడతాయి. నీ వెనకనున్న లైన్ అవుట్ నుంచి ఒక తీగ మిక్సర్‌కు పోతుంది. నువ్వు మాత్రం మీటేవాడి వైపు తిరిగి, అంత హోరులోనూ వాడి స్వరాన్ని వాడికే వినిపిస్తూ ఉంటావు. నీ స్వరం సరిగా వినపడితే వాడు తాళం తప్పడు. వాడు తాళం తప్పకపోతే ట్రూపు అంతా నిలబడుతుంది. గంగమ్మకు ఎదురుగా ఆ రాత్రి నువ్వు చేసే సేవ అదీ.

వేలూరులో, గుడియాత్తంలో, సరిహద్దుకు ఇవతల చిత్తూరులో, పలమనేరులో బేస్ పట్టిన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పెద్ద ఆంప్ కొన్నాకే మంచి టోన్ వస్తుందని ఎదురుచూడకండి. ఉన్న చిన్న పెట్టెలో అన్ని నాబ్‌లూ నడిమికి తిప్పండి, స్పీకరును చెవివైపు ఎత్తండి, మిడ్ ఒక్క పిసరు పెంచండి. ఒక పాటంతా ‘ఈ’ (E), ‘ఏ’ (A) తీగల మీదే, ప్రతి స్వరాన్ని ఎక్కడ ఆపుతున్నారో వింటూ వాయించండి. ఆ తర్వాతే బేస్ నాబ్ ముట్టుకోండి.