నెలల తరబడి పని, ఒక పూట భోజనం

ఇంగ్లండులో ఊళ్ళ చర్చిల్లో ఉండే మధ్యయుగపు బాప్తిస్మపు తొట్ల గురించి చదువుతుంటే రెండు మాటలు మాటిమాటికీ తగులుతాయి: మోటుదనం, అమాయకత్వం. శిల్పికి ఒంటి కొలతలు తెలియవు, మొహాల్లో తేడా లేదు, అయినా ఏదో అందం ఉంది అంటారు. ఈ మెప్పుతో నాకు పేచీ ఉంది. కొలతల దగ్గరే ఆగిపోతే ఆ రాయి ఏం చెబుతోందో తెలీదు. ఏం దాస్తోందో అసలే తెలీదు.

నార్ఫోక్ తీరంలో బర్నమ్ డీప్‌డేల్ అనే ఊరుంది. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో నార్మన్ల కాలం నాటి చదరపు రాతి తొట్టి ఉంది. పసిబిడ్డని క్రైస్తవంలోకి తెచ్చే నీళ్ళు అందులో పోస్తారు. కాబట్టి దాని మీద క్రీస్తు బాప్తిస్మమో, అపొస్తలుల బొమ్మలో ఉంటాయనుకుంటాం. కానీ ఉన్నది సేద్యం. మూడు వైపులా, వైపుకి నాలుగు చొప్పున, పన్నెండు నెలలు. మార్చిలో ఒకడు పారతో నేల తవ్వుతుంటాడు. ఏప్రిల్‌లో కొమ్మలు కత్తిరిస్తాడు. జూన్‌లో కలుపు తీస్తాడు, జులైలో గడ్డి కోస్తాడు, ఆగస్టులో పన కడతాడు, సెప్టెంబరులో కంకులు నూరుస్తాడు. నవంబరులో పందిని కోస్తాడు. డిసెంబరు వచ్చేసరికి కొందరు బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుంటారు. నాలుగో వైపు మనుషులు లేరు, ఆకులూ కొమ్మలూ అంతే.

ఈ నెలల బొమ్మలు ఆ కాలానికి కొత్తేమీ కాదు. ప్రార్థన పుస్తకాల్లో, ఐరోపాలోని పెద్ద చర్చిల ద్వారాల మీదా ఉండేవే. కానీ పుస్తకం చదువొచ్చినవాళ్ళ చేతిలో ఉంటుంది, ద్వారం మీది బొమ్మని తలెత్తి చూడాలి. తొట్టి మీది బొమ్మ చెయ్యి చాస్తే అందుతుంది. బిడ్డనెత్తుకుని వచ్చిన రైతుకి, తను నిన్న చేసిన పనే పవిత్రజలం పక్కన కనిపిస్తుంది. సంవత్సరం మొత్తం చూడాలంటే చుట్టూ తిరగాలి. ఒక వైపే చూపించే ఫొటోల్లో ఈ సంగతి పోతుంది.

పనికి ఇలాగే చోటిచ్చిన తొట్టి ఇంకొకటి కంబ్రియాలో, బ్రైడ్‌కర్క్ చర్చిలో ఉంది. 12వ శతాబ్దం నాటిది. ఒక వైపు క్రీస్తు బాప్తిస్మం ఉంటే, మరో వైపు సుత్తీ ఉలీ పట్టుకున్న శిల్పి తానే ఉన్నాడు. ఆ కాలపు ఇంగ్లీషులో, రూనిక్ లిపిలో ఒక వాక్యం కూడా చెక్కాడు. అందులో మాట్లాడేది తొట్టే: తనని చేసింది రికార్త్ అని చెప్పుకుంటుంది. మధ్యయుగపు శిల్పులు పేరు కోరుకోలేదనే తియ్యటి కబురుకి ఈ ఒక్క రాయి చాలు జవాబు.

డీప్‌డేల్ రైతుకి పేరు లేదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి అక్కడ లేదు: దశమ భాగం. పండిన పంటలో పదో వంతు చర్చికి చెందాలి. ఆగస్టులో కట్టిన పనల్లో పదోది చర్చిదే. ఆ పదో పన తొట్టి మీద ఎక్కడా కనపడదు. కోతల నుంచి నూర్పిడికి, నూర్పిడి నుంచి భోజనానికి, మధ్యలో ఎవరూ వాటా అడగనట్టు బొమ్మలు సాఫీగా సాగిపోతాయి. ఆ వాటా తీసుకునే చర్చిలోనే ఈ తొట్టి ఉంది. మరి ఇది శ్రమకి గౌరవమా, శ్రమించేవాడికి పుట్టగానే చెప్పే పాఠమా? రెండూ అనే నేననుకుంటాను. గౌరవం ఉంది కాబట్టే పాఠం అంత సులువుగా ఎక్కుతుంది.

డిసెంబరు బల్ల దగ్గర కూర్చున్నది ఎవరు? మార్చిలో తవ్వినవాడేనా, లేక వాడి పంట తింటున్న వేరెవరోనా? మొహాల్లో తేడా లేదు కాబట్టి బొమ్మని బట్టి తేల్చలేం. తవ్వినవాడు మాత్రం అక్కడ తనని తాను చూసుకోవచ్చు. విమర్శకులు లోపమన్న ఆ పోలికే వాడికి ఆ బల్ల దగ్గర చోటిచ్చింది.