పుంజు మార్చండి

ఈ వారం నాయుడుపేటలో ఓ చికెన్ కొట్టు ముందు ఆగాను. 'అసలు సిసలు నాటుకోడి' అని బోర్డు. బోనులో చూస్తే అన్నీ ఒకే ఈడు, ఒకే రంగు, ఒకే బరువు. ఊళ్లో పెరిగిన మందయితే ఓ డేగ, ఓ కాకి, మెడ మీద ఈకల్లేనిది ఇంకోటి ఉండాలా వద్దా? ఇవి హేచరీవే.

కోపం ఎందుకంటే, మనకు పక్కనే శ్రీకాళహస్తి పేరు పెట్టుకున్న జాతే ఉంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో 'కాళస్తి' కోడిని నమోదు చేసి, దాని సొంత ప్రాంతం చిత్తూరు, నెల్లూరు జిల్లాలని రాసుకుంది. 2022లో మనల్ని నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మార్చినా కోడికి మాత్రం చిక్కు రాలేదు. హేచరీ కోళ్లలో హైదరాబాద్ కోళ్ల పరిశోధన కేంద్రం వారి వనరాజా గుడ్లు బాగానే పెడుతుంది గానీ, పొదుగుకు కూర్చోవడం అరుదు. పిల్లల్ని మళ్లీ కొనాల్సిందే. కాబట్టి స్వచ్ఛమైన నీలి నలుపు కాళస్తిలను ఏరి, కంచె కట్టి కాపాడాలని రాద్దామనే కూర్చున్నాను.

మా అవ్వ జ్ఞాపకం అడ్డొచ్చింది. పిడుగులకు గుడ్లు మురిగిపోతాయని పొదుగు గంపలో ఇనుపముక్క వేసేది. అది నమ్మకం, వదిలేద్దాం. కానీ సొంత పుంజును సొంత మందలో ఎక్కువ కాలం ఉంచేది కాదు. పండక్కి కోసేసి, వెంకటగిరి వైపు చుట్టాలింటి నుంచి ఇంకోదాన్ని తెచ్చేది. గుడ్లు కూడా చెల్లెలితో మార్చుకునేది. రంగు చూసేది కాదు. పిల్లల్ని గద్దకు వదలని పెట్ట సంతానాన్నే నిలుపుకునేది.

అసలు స్వచ్ఛత ఎక్కడిది? కోళ్లకు మూలం ఎర్ర అడవికోడి అంటారు. కానీ పసుపు కాళ్లకు కారణమైన జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేల్చారు. ఆ బూడిదరంగుది మన దక్షిణాది కొండల్లో తిరిగేదే. అంటే కంచె దాటిన కోడి పుణ్యమే.

లెక్క కూడా అవ్వ వైపే ఉంది. ఇరవై పెట్టలకు ఒకే పుంజయితే, జన్యుశాస్త్రం దృష్టిలో ఆ మంద నాలుగు కోళ్ల పాటి కూడా చెయ్యదు. రెండో పుంజును దింపితే ఏడు దాటుతుంది. కాళస్తి మంద పెట్టాలనుకునే కుర్రాళ్లారా, రంగు సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు వేరే ఊళ్ల ఇళ్ల నుంచి పుంజుల్ని మార్చుకోండి. హేచరీవి మాత్రం వద్దు.