తిరిగి రాని విమానము – ప్రతినిధి కథనము

సౌప్తిక పర్వమున అశ్వత్థామ నిద్రించు శిబిరముపై బడి పాంచాలులను, ఉపపాండవులను రూపుమాపిన రాత్రి, ధృష్టద్యుమ్నుని సారథి యొక్కడు తప్పించుకొని పోయి ధర్మరాజునకు ఆ వార్త చెప్పెను. భారత కథలో ఈ సారథి పాత్ర మిక్కిలి చిన్నది. కాని చచ్చినవారి ప్రక్క నుండి లేచి వచ్చి చెప్పినవాడు అతడే. రెండవ ప్రపంచ సంగ్రామమున రాత్రివేళ శత్రు నగరములపై బాంబులు వేయబోయి మరలి రాని విమానములకు ఇట్టి సారథి తరచుగా మిగులలేదు. లోనివారు మడిసిరి. క్రిందివారు వారి నెరుగరు. ప్రక్క విమానము వారికి అది చీకటిలో నొక మంట మాత్రమే. కావున ఈ వాఙ్మయమున కథ చెప్పువాడు పెక్కు తావుల సాక్షి కాడు, ప్రతినిధి. ఆ ప్రతినిధి ఎవరి పక్షమున చెప్పుచున్నాడు, ఎవరిని మరచుచున్నాడు అను ప్రశ్నను ఒక్క రాత్రి నాధారముగా గొని పరిశీలింపదలచితిమి.

1943 డిసెంబరు 2వ తేదీ రాత్రి బ్రిటిషు వైమానిక దళము బెర్లినుపైకి 458 విమానములను పంపెను. గాలిని గూర్చిన అంచనా తప్పుటచే వాని వరుస చెదరెను. 40 విమానములు తిరిగి రాలేదు. వానిలో అత్యధికము లాంకాస్టరులు. లాంకాస్టరులో సాధారణముగా నేడుగురు: పైలటు, ఇంజనీరు, నావిగేటరు, బాంబులు విడుచువాడు, వైర్‌లెస్ ఆపరేటరు, తుపాకివాండ్రిద్దరు. ఆ రాత్రి కొన్నిటిలో ఎనిమిదవవాడుగా ఒక విలేఖరియు నెక్కెను. వారిలో అమెరికను రేడియో వ్యాఖ్యాత ఎడ్వర్డ్ మర్రో తిరిగి వచ్చెను. లోవెల్ బెన్నెట్ అను మరియొక అమెరికను విలేఖరి శత్రువులకు బందీ యయ్యెను. ఆస్ట్రేలియా విలేఖరి నార్మన్ స్టాక్టన్, నార్వే కవి నూర్దాల్ గ్రీగ్ మరణించిరి. వీరిరువురును ఎక్కినవి 460వ ఆస్ట్రేలియా స్క్వాడ్రను విమానములు. ఆ స్క్వాడ్రను ఆ రాత్రి 5 విమానములను గోల్పోయెను.

మర్రో తాను చూచినదానిని మరునాడు రేడియోలో చెప్పెను. 'ఆర్కెస్ట్రేటెడ్ హెల్' అను పేర ప్రసిద్ధమైన ఆ ప్రసంగము నేటికిని పాత్రికేయ వాఙ్మయమున నొక మేలిముత్యముగా నెన్నబడుచున్నది. అందలి ఉపమానములు మొదట మమ్ము కలవరపెట్టినవి. నిప్పుబాంబులను చూచి అతనికి నల్లని మఖమలుపై చల్లిన బియ్యము తోచినది. పెద్ద బాంబుల ప్రేలుడులో పిచ్చిపట్టిన ప్రొద్దుతిరుగుడు పూలు కనిపించినవి. పెండ్లిపందిటిలో అక్షతలు చల్లు జాతికి చెందిన మాకు ఆ బియ్యపు ఉపమానము మరింత కటువుగా నుండుట సహజము. క్షేమేంద్రుడు దీనిని చూచినచో అనౌచిత్యమని యుండునా? అనడని మా యభిప్రాయము. పదునెనిమిది వేల అడుగులో ఇరువది వేల అడుగులో పైనుండి చూచువానికి నగరదహనము నిజముగనే అందముగా నుండును. ఆ యందమును దాచినచో అది అబద్ధమగును. మర్రో దానిని దాచలేదు, దానితో తృప్తిపడనూ లేదు. తన విమానము సర్చిలైట్ల వెలుగులో చిక్కి యుండగా, దాని కడుపులో నింకను పెద్ద బాంబొకటి కలదని జ్ఞప్తికి వచ్చి భయపడితినని ఒప్పుకొనెను. ఆకాశమున చచ్చువారిని, నేలమాళిగలలో కాలి చచ్చువారిని ఒక్క ఊపిరిలో పేర్కొనెను. పూలును బియ్యమును చూచిన కన్నే క్రింది మనుష్యులనుగూడ తలచుటచేత ఆ యుపమానములు క్షమార్హములైనవి.

ప్రసంగపు ముగింపు ఇంకను గమనింపదగినది. స్టాక్టన్, బెన్నెట్‌లు తిరిగి రాలేదని చెప్పి, కథను పంపలేకపోయిన విలేఖరి పక్షమున తోడివారు చెప్పుట తమలో నొక ఆచారమనియు, తాను ఆ పనినే చేసితిననియు మర్రో పేర్కొనెను. దీనితో అంతవరకు ఆత్మకథగా సాగిన మాట ఋణవిమోచన మగుచున్నది. అయినను అతడు చెప్పినది తన విమానపు కథయే. మిత్రుల తుది నిమిషములను కల్పింపలేదు. ఈ సంయమమును మేము ఆ ప్రసంగమున మిక్కిలి గొప్ప గుణముగా భావింతుము. కల్పింపదలచిన వానికి వేరు త్రోవ కలదు. లెన్ డైటన్ 1970లో ప్రకటించిన 'బాంబర్' నవలలో ఒక్క దాడిని విమానములనుండియు, క్రింది పట్టణమునుండియు చూపెను. ఆ దాడికి 1943 జూన్ 31 అని, పంచాంగమున లేని తేదీ నిచ్చెను. ఇది మా కెంతయో నచ్చిన చమత్కారము.

ఇక గ్రీగ్. మర్రో ప్రసంగమున అతని పేరు లేదు. ఆ లోటును నార్వే తీర్చినది, కొంత అతిగనే తీర్చినది. గ్రీగ్ 1932లో, యౌవనమున మరణించిన ఆంగ్ల కవులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అందు కీట్సు, షెల్లీ, బైరనులతోపాటు మొదటి సంగ్రామమున మరణించిన బ్రూకు, సార్లీ, ఓవెనులును కలరు. అతడును 41వ యేట అట్లే పోయినందున ఆ గ్రంథమును భవిష్యద్వాణిగా చదువువా రుందురు. ఈ పఠనమును మే మంగీకరింపము. మరణానంతరము తెలిసినదానిని పదునొకండేండ్లు వెనుకకు త్రోసి గ్రంథమున నిడుట విమర్శ కాదు, జాతకము వ్రాయుట. అంతకంటె పెద్ద దోషము వేరొకటి కలదు. ఈ పఠనమున ఆ విమానము ఒక్క కవికే చితియగుచున్నది. అతనితో కూలినవారు పరికరములగుచున్నారు. వారిలో కవి ఎవ్వడును లేకపోవచ్చును. అందువలన వారి మృతి తక్కువదగునా?

మర్రో తన వృత్తివారిని లెక్కించెను. నార్వే తన కవిని లెక్కించినది. ఎవరి ఏడుపు వారిది. తిక్కన స్త్రీపర్వమున గాంధారి యుద్ధభూమిని చూచునప్పుడు తన కొడుకులకై యేడ్చుటలో వింత లేదు. ఆమె అభిమన్యుని చూచి, ఉత్తరను చూచి కరగుటయే వింత. తన మనుమడు లక్ష్మణకుమారుని చంపినవాడు ఆ అభిమన్యుడే. కరుణరసమున కిది కొలమానమైనచో, ఆ డిసెంబరు రాత్రిని గూర్చిన వాఙ్మయము దాని నందుకొనలేదని చెప్పక తప్పదు. మర్రో నేలమాళిగల వారిని పేర్కొన్న ఆ యొక్క చోట మాత్రము దాని దరిదాపులకు వచ్చినది. ఆ విమానము నడపిన అబర్‌క్రోంబీ నెల తిరుగక మునుపే, 1944 జనవరి 1వ తేదీ రాత్రి, మరల బెర్లిను దాడికి పోయి మరణించెను. అతని వెంట అప్పుడు రేడియో వ్యాఖ్యాత లేడు.

పరిశోధక విద్యార్థులకు ఒక్క సూచన చేయుదుము. కావ్యములను, ప్రసంగములను చదివిన పిదప స్క్వాడ్రనుల దినచర్య పుస్తకములను గూడ చూడవలెను. అవి నేడు లండనులోని క్యూ గ్రామమున జాతీయ పత్రాగారమున నున్నవి. మరలి రాని విమానమునకు వానిలో ప్రత్యేక శైలి లేదు. సిబ్బంది పేర్లు వరుసగా నుండును, బయలుదేరిన వేళ యుండును. ఆపై ఆ విమానమునుండి ఏ వార్తయు అందలేదను ఒక చిన్న మాట. దిగిన వేళ వ్రాయవలసిన గడి ఖాళీ.