పెళ్లి ఫోటో ముందు నాలుగు సాఫ్ట్‌వేర్లు

ఫోటోషాప్ గొప్పదా, గింప్ గొప్పదా అన్న వాదన మన స్టూడియోల్లో ఎప్పటినుంచో నడుస్తోంది. ఒకదానికి డబ్బు కట్టాలి, రెండోది ఉచితం. అందుకే వాదన సగం జేబు చుట్టూ తిరుగుతుంది. మిగతా సగం ఏ మెనూలో ఎన్ని టూల్స్ ఉన్నాయన్న లెక్కతో సరిపోతుంది. నన్నడిగితే ఆ జోడీ కట్టడమే తప్పు. ఫోటోషాప్, గింప్ ఒక తల్లి పిల్లలు. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ మరో ఇంటివి. ధర పక్కన పెట్టి, ఫోటోను అవి ఏమనుకుని తెరుస్తాయో చూస్తే ఈ చుట్టరికం బయటపడుతుంది.

నోల్ సోదరుల ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో బజారుకొచ్చింది. బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో గింప్ మొదలుపెట్టారు. ఈ రెండింటికీ ఫోటో అంటే తయారైపోయిన బొమ్మ, రంగు పిక్సెళ్ల పలక. 2007 నాటి లైట్‌రూమ్, 2009లో మొదలైన డార్క్‌టేబుల్ అలా కాదు. కెమెరా సెన్సర్ మీద పడిన వెలుగు కొలతలనే, అంటే రా ఫైల్‌నే, అవి అసలు సరుకుగా తీసుకుంటాయి. మూలాన్ని ముట్టుకోవు. మనం జరిపిన స్లైడర్ల లెక్కను మాత్రం విడిగా రాసిపెట్టుకుంటాయి.

ఈ తేడా ఎంత దూరం పోతుందో తేల్చుకోవడానికి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం తీసిన ఫోటోను మించిన పరీక్ష లేదు. తెల్లటి మధుపర్కాలు, ఎర్రంచు, కాళ్లకీ చేతులకీ పసుపు. ముందు నుంచి వీడియో వాళ్ల ఎల్‌ఈడీ లైటు, వెనక నుంచి పచ్చటి సీరియల్ బల్బులు, పైన ఎర్రటి షామియానా గుడ్డలోంచి దిగే ఎండ. వెలుగు, రంగు రెండూ ఒకేసారి తగువు పెట్టుకునే చోటు అది.

ముందు వెలుగు సంగతి. 2002లో వచ్చిన ఫోటోషాప్ 7.0 మీద చేయి తిరిగినవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అందులో బ్రైట్‌నెస్ పెంచితే ప్రతి పిక్సెల్‌కూ ఒకే అంకె కలుస్తుంది. 0 నుంచి 255 వరకు ఉన్న మెట్లలో 40 కలిపామనుకోండి, 215 దాటినవన్నీ వెళ్లి 255 దగ్గర కుప్పపడతాయి. పెళ్లికొడుకు పంచె కుచ్చిళ్లు, పురోహితుడి జంధ్యం కలిసి ఒకే తెలుపైపోతాయి. 2007లో సీఎస్3 వచ్చాక ఈ పద్ధతి మార్చారు. పాతదానికి అలవాటు పడ్డవాళ్ల కోసం ‘యూజ్ లెగసీ’ అని ఒక టిక్కు మిగిల్చారు. ఆ టిక్కు పెట్టుకుని పనిచేసేవాళ్లనీ చూశాను, అలవాటు అలాంటిది.

ఫోటోషాప్‌లో ఎక్స్‌పోజర్ అనే అడ్జస్ట్‌మెంట్ వేరే ఉంది. స్టూడియోల్లో దాని జోలికి పోయేవాళ్లు తక్కువ, లెవెల్స్, కర్వ్స్‌తోనే పని గడిచిపోతుంది. నిజానికి అది కెమెరా లెక్కకు దగ్గరది. ఒక స్టాప్ పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం. మధ్యస్థంగా ఉండే 18 శాతం బూడిద రంగు తెర మీద దాదాపు 118వ మెట్టు. అసలు వెలుగును రెట్టింపు చేస్తే అది 162కు చేరుతుంది. అంకెనే రెట్టించి ఊరుకుంటే 236 అవుతుంది, మొహం పాలిపోతుంది. ఫోటోషాప్ ఎక్స్‌పోజర్ మొదటి లెక్క వేస్తుంది. గింప్ 2018లో 2.10 వెర్షన్‌తో 16, 32 బిట్లకు ఎదిగాక వెలుగు లెక్కలు అదే తీరుగా వేస్తోంది. అంతకుముందు గింప్ ఒక్కో రంగుకు 8 బిట్లే పట్టుకునేది; రెండుసార్లు కర్వ్స్ లాగితే హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లయ్యేది. ఆ కాలంలో దాన్ని వెక్కిరించినవాళ్లను తప్పుపట్టలేను. అదే వెక్కిరింత ఇప్పటికీ మోస్తున్నవాళ్లు మాత్రం ఒకసారి తెరిచి చూడాలి.

అయితే రెండింటికీ ఒకటే కష్టం. స్టూడియోకు చేరిన ఫైలు జేపెగ్ అయితే 255 పైన ఏమీ లేదు. పోయిన కుచ్చిళ్లను ఏ స్లైడరూ తేలేదు.

లైట్‌రూమ్‌లో అదే ఫోటో రా ఫైల్‌గా తెరిచి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. మొహం తేటపడుతుంది, పంచె మాత్రం అంత తేలిగ్గా కాలిపోదు. 2012లో నాలుగో వెర్షన్‌తో వచ్చిన మార్పు ఇది. ఈ స్లైడర్ మధ్య వెలుగును లేపుతూనే పై కొసను మెల్లగా వంచుతుంది. ఆ వంచడం మనకు కనపడదు, మనల్ని అడగదు. డార్క్‌టేబుల్ అడుగుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ మాడ్యూల్ పని శుద్ధ గుణకారం. తెలుపు దాటిన వెలుగును పారేయకుండా అలాగే మోసుకుపోతుంది. దాన్ని కాగితానికీ తెరకూ సరిపడేలా కుదించే పని తర్వాత ఫిల్మిక్ మాడ్యూల్‌కో సిగ్మాయిడ్‌కో అప్పగించాలి. లైట్‌రూమ్‌లో ఒక్క వేలితో అయ్యే పని ఇక్కడ రెండు చోట్ల చేయాలి, ఏది ఎందుకు చేస్తున్నామో తెలిసి చేయాలి. చదువుకోవాలనుకునేవాడికి డార్క్‌టేబుల్ మంచి గురువు. వారంలో ఆల్బమ్ ఇస్తానని మాటిచ్చినవాడికి లైట్‌రూమే దిక్కు. ఎక్స్‌పోజర్ వరకు నా ఓటు దానికే.

దాని మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. ‘‘అన్నా, అమ్మాయి మొహం కొంచెం తెల్లగా రావాలి’’ అన్న మాట వినని ఫోటోగ్రాఫర్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉండడు. లైట్‌రూమ్ ఇప్పుడు మనిషిని తనే గుర్తుపడుతుంది. మొహం చర్మం, ఒంటి చర్మం, పెదవులు అంటూ విడివిడిగా మాస్కులు గీసి ఇస్తుంది. మొహాన్ని అర స్టాప్ లేపడం క్షణం పని. మెడ ఒక రంగు, మొహం ఒక రంగుగా ఉన్న పెళ్లికూతుళ్లు ఆల్బముల్లో కనపడుతూనే ఉంటారు. డార్క్‌టేబుల్‌లో ఆ మాస్కు చేత్తో గీసుకోవాలి. బద్ధకం కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది.

అసలు తేడా రంగు దగ్గర. కంట్రోల్ బి నొక్కితే ఫోటోషాప్‌లో తెరుచుకునే కలర్ బ్యాలెన్స్ పెట్టె, గింప్‌లో అదే పేరుతో ఉన్న పెట్టె దాదాపు కవలలు. షాడోలు, మధ్య వెలుగులు, హైలైట్లు అని మూడు అరలు. ఒక్కో అరలో మూడు స్లైడర్లు. ఎల్‌ఈడీ వల్ల మొహం మీద పడ్డ పచ్చదనాన్ని తీయాలని మధ్య అరలో మెజెంటా వైపు జరుపుతాం. మొహం కుదురుకుంటుంది, పసుపు నారింజకు తిరుగుతుంది. దాన్ని సరిచేద్దామని హైలైట్లలో నీలం కలిపితే మధుపర్కాలు నీలం పెట్టి ఉతికినట్టవుతాయి. లోపం ఆపరేటర్‌ది కాదు. ఫోటో జేపెగ్ అయ్యేటప్పుడే కెమెరా వెలుగును ఒక వంపులో పోసింది. మొదట ఒకే నిష్పత్తిలో ఉన్న రంగు తేడా ఆ వంపు తర్వాత నీడలో ఒకలా, వెలుగులో ఇంకోలా చీలిపోయింది. అందుకే మూడు అరలు కావాల్సి వచ్చాయి. రా ఫైల్‌లోనైతే ఆ వంపుకు ముందే ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను తగిన అంకెతో గుణిస్తే చాలు, నీడా వెలుగూ ఒకేసారి దారికొస్తాయి. లైట్‌రూమ్‌లో రా ఫైల్ తెరిస్తే టెంపరేచర్ స్లైడర్ మీద కెల్విన్ అంకెలుంటాయి. జేపెగ్ తెరిస్తే అవి మాయమై మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఒక కొలబద్ద మిగులుతుంది. ఏ వెలుగులో తీశారో ఇక తనకు తెలియదని అది చెప్పకనే చెబుతుంది.

ఏది తెలుపో సాఫ్ట్‌వేర్‌కు చూపించే డ్రాపర్ దగ్గర మన పెళ్లిళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. తెలుపు మీద నొక్కమంటే ఎవరి చేయైనా మధుపర్కాల మీదికే పోతుంది. ఆ బట్టకు అప్పటికే పసుపు అంటి ఉంటుంది. దాన్నే తెలుపనుకుని సాఫ్ట్‌వేర్ సరిచేస్తే ఫోటో మొత్తం నీలమెక్కుతుంది. గింప్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ ఇంకా మొండిది. ప్రతి రంగులోనూ రెండు కొసల్లో 0.05 శాతం పిక్సెళ్లను వదిలేసి మిగతాదాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి సాగదీస్తుంది. పసుపు పూసిన పాదాల క్లోజప్ మీద ఇది ప్రయోగిస్తే, సహజంగానే తక్కువగా ఉన్న నీలాన్ని బలవంతంగా లేపి పసుపును చప్పగా చేస్తుంది. ఒక కాలంలో ల్యాబులు రంగు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. మన చామనఛాయకు అప్పుడు కార్డు లేదు. ఇప్పుడు కావాల్సింది ఒక మామూలు బూడిద రంగు కార్డే. ముహూర్తానికి ముందు పీటల దగ్గర పట్టి ఒక ఫోటో తీసుకుంటే డ్రాపర్ బాధ తప్పుతుంది.

డార్క్‌టేబుల్‌లో రంగు రెండు చోట్ల ఉంటుంది, వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌లో, కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌లో. రెండూ కదిపితే ఒకే పని రెండుసార్లు జరిగిందని ఎర్రగా హెచ్చరిస్తుంది. కొత్తవాడు అక్కడే మూసేస్తాడు, తప్పు లేదు. కానీ ఆ గుమ్మం దాటితే లోపల ఉన్నది నాకు మరెక్కడా దొరకలేదు. ముహూర్తంలో చక్కగా కుదిరిన ఒక ఫోటోలో పెళ్లికూతురి చీర మీద ఒక చోటు గుర్తుపెట్టి, ఇదీ నాకు కావాల్సిన రంగు అని చెప్పొచ్చు. తలంబ్రాల నాటికి లైట్లు మారిపోయాయి. ఆ ఫోటోలో అదే చీర మీద నొక్కితే, రెండూ కలిసేలా లెక్క తనే వేసుకుంటుంది. లైట్‌రూమ్‌లో సింక్ నొక్కితే ఒక ఫోటో అంకెలు ఇంకో ఫోటోకు పోతాయి. వెలుగు మారినచోట అవే అంకెలు వేరే రంగునిస్తాయి. ఆల్బమ్‌లో పక్కపక్క పేజీల్లో ఒకే చీర రెండు రంగుల్లో కనపడేది ఇందువల్లే. రంగులో డార్క్‌టేబుల్‌ను ముందు పెట్టడానికి నాకిదొక్కటే చాలు.

సైజు దగ్గర పోలిక చిన్నదే, నష్టపోయేవాళ్లు మాత్రం ఎక్కువ. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలి. నెట్ సెంటర్లో కుర్రాడు ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి రిజల్యూషన్ 300ను 72 చేస్తాడు. రీశాంపుల్ టిక్కు లేకపోతే ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు, ప్రింటు కొలత మారుతుందంతే. టిక్కు ఉంటే పొడవులోనూ వెడల్పులోనూ పిక్సెళ్లు దాదాపు నాలుగో వంతుకు పడిపోతాయి, చెప్పకుండానే. రెండు వేర్వేరు పనుల మధ్య ఒక చిన్న గడి అడ్డం. గింప్ ఈ రెంటినీ ప్రింట్ సైజ్, స్కేల్ ఇమేజ్ అని రెండు మెనూలుగా విడగొట్టింది. జేపెగ్‌గా ఎగుమతి చేసేటప్పుడు ప్రివ్యూ పెట్టుకుంటే ఎన్ని కేబీలు వస్తుందో క్వాలిటీ స్లైడర్ జరుపుతుండగానే చూపిస్తుంది. ఈ పనికి గింప్‌ను మించింది లేదు. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో ఇన్ని కేబీలు దాటొద్దని చెప్పే వీలుంది కానీ, ఒక్క పాస్‌పోర్టు ఫోటో కోసం క్యాటలాగ్ తెరవడం దండగ.

పెద్దది చేయడంలో కథ మారుతుంది. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటుకు 300 రిజల్యూషన్‌లో 10,800×3,600 పిక్సెళ్లు కావాలి, దాదాపు 3.9 కోట్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటోను ఆ ఆకారానికి కత్తిరిస్తే మిగిలేది 6,000×2,000, అంటే 1.2 కోట్లు. మిగతా 2.7 కోట్లను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపాలి. బైక్యూబిక్‌తో నింపినా, గింప్ నోహాలోతో నింపినా చేతిదూరంలో పట్టుకున్న ఆల్బమ్‌లో తేడా కనిపెట్టడం కష్టం. అడోబీ 2021లో తెచ్చిన సూపర్ రిజల్యూషన్ ఒక అడుగు ముందుకు వేసి పొడవూ వెడల్పూ రెట్టింపు చేస్తుంది. చీర జరీ అంచు మీద అది నిజంగా బాగా పనిచేస్తుంది. గ్రూప్ ఫోటో చివరి వరుసలో పది పిక్సెళ్ల వెడల్పున్న మేనమామ మొహం మీద నేనైతే వాడను. అక్కడ లేని కనురెప్పను అది ఎక్కడినుంచి తెస్తుంది?