బేరం కథ వెనక ఇద్దరు అమ్మాయిలు

జైపూర్ మా ఊరు అనగానే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌కి హవా మహల్ గుర్తొస్తుంది. కాదు, మంచిర్యాల జిల్లా జైపూర్ అని ప్రతిసారీ చెప్పుకోవాలి. మా జైపూర్‌లో రాజులు లేరు, మహళ్లు లేవు. పెగడపల్లి దగ్గర సింగరేణి 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఉంది. గోదావరి దాటితే గోదావరిఖని, రామగుండం.

కానీ ఒక రాణివాసపు పేరు మా వైపు ప్రతి ఇంట్లో తెలుసు. చంటిపిల్లకి జబ్బు ముదిరితే "ఇగ ఈడ కాదు, నీలోఫర్‌కు తీస్కపోండ్రి" అంటారు. మాకు నీలోఫర్ అంటే ఆస్పత్రి. సిటీలో అయితే చాయ్, ఉస్మానియా బిస్కెట్. అది దేశం నుంచి గెంటేసిన ఒక కుటుంబంలోని అమ్మాయి పేరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదీ ఒక జోకు రూపంలో.

ఆ జోకు మీరూ వినే ఉంటారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుక్కి ఖలీఫా కూతుర్ని అడిగాడట. వాళ్లు 50 వేల పౌన్ల మెహర్ అడిగారట. ఎక్కువన్నాడట. సరే, అదే సొమ్ముకి చిన్న కొడుక్కి కూడా ఇంకో అమ్మాయినిస్తామన్నారట. నిజాం పిసినారితనం మీద వ్యాసం అయినా, రీల్ అయినా ఈ కథ లేకుండా ఉండదు. అందరం నవ్వుతాం. నేనూ నవ్వాను.

తర్వాత పుట్టిన సంవత్సరాలు చూశాను. దుర్రుషెహ్వార్ 1914. నీలోఫర్ 1916. నీస్‌లో పెళ్లిళ్లు జరిగింది 1931 నవంబర్‌లో. అంటే ఒకరికి పదిహేడు, ఇంకొకరికి పదిహేను. ఆ కథలో వాళ్లకి వయసు లేదు, నోరు లేదు. ఉన్నది రేటు మాత్రమే.

ఆ బేరం దాకా వాళ్లు ఎలా వచ్చారు? 1924 మార్చి 3న టర్కీ పార్లమెంటు ఖిలాఫత్‌ని రద్దు చేసింది. తెల్లవారకముందే ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ని, కుటుంబాన్ని ఇస్తాంబుల్ డోల్మబాచే మహల్ నుంచి బయటికి పంపి, ఊరవతల స్టేషన్‌లో రైలెక్కించారు. బొమ్మలు గీసే మనిషి ఆయన. కూతురు దుర్రుషెహ్వార్‌కి అప్పుడు పదేళ్లు. స్విట్జర్లాండ్ మీదుగా చివరికి ఫ్రాన్స్‌లోని నీస్ చేరారు. అక్కడ వాళ్ల ఇల్లు గడవడానికి హైదరాబాద్ నుంచి నెలకి 300 పౌన్లు వెళ్లేవి. ఖర్చులు పెట్టే ఇంటివాళ్లు సంబంధం అడిగితే కాదనడం ఎంత కష్టమో మన ఇళ్లలో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆస్ట్రేలియా జర్నలిస్టు జాన్ జుబ్రిస్కీ రాసిన 'ది లాస్ట్ నిజాం' ఈ వంశం మీద అందరూ చదివే పుస్తకం. శ్రమపడి రాసిన పుస్తకం. కానీ దాని పేరే మన చూపుని మనవడి వైపు తిప్పేస్తుంది. దుర్రుషెహ్వార్ పెద్దకొడుకు ముకర్రం జా 1933లో నీస్‌లో పుట్టాడు. 1967లో తాత చనిపోయాక తండ్రిని దాటి బిరుదు ఆయనకి వచ్చింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొని డోజర్లు నడుపుకుంటూ బతికాడు. చదవడానికి సినిమాలా ఉంటుంది. ఇంత సంపద ఎలా కరిగిందన్న ప్రశ్నే మనల్ని పేజీలు తిప్పిస్తుంది. మరి పదేళ్లప్పుడు రాత్రికి రాత్రి రైలెక్కిన పిల్ల, బిడ్డల్ని ఏ దేశం వాళ్లుగా పెంచాలనుకుంది? నాకు ముఖ్యమైన ప్రశ్న అది. వారసుడి కథలో ఆమె అందమైన తల్లిగా మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఆ 300 పౌన్లు ఎవరివి? వెట్టి చేసిన తెలంగాణ పల్లెలవి. మా సింగరేణిలో మెజారిటీ వాటాని 1945లో కొన్నదీ నిజాం సర్కారే. మరుసటి ఏడాదికే సాయుధ పోరాటం మొదలైంది. ఆ పోరాటాన్ని గుండెల్లో పెట్టుకున్న సాహిత్యం మనది. దేవిడీలో ఆడదాని గురించి జాలిగా రెండు మాటలు రాస్తే "నువ్వు నిజాం పార్టీనా?" అని అడుగుతారు.

నేను కాదు. గద్దె పోయినందుకు నాకు బాధ లేదు. కానీ గద్దె మీద కోపం ఉంటే ఆ ఇద్దరమ్మాయిల్ని బేరం సరుకుగా చెప్పే జోకుకి నవ్వడం ఎందుకు? ఆ నవ్వులో మనం ఉన్నది రైతు పక్కన కాదు, బేరమాడిన పెద్దమనుషుల పక్కన. కోపం, జాలి రెండూ ఒకే పేజీలో పట్టనంత చిన్నదా మన విమర్శ?

మన మాటల్లోనూ తేడా ఉంది. రాజకుటుంబం ఊరొదిలితే 'ప్రవాసం' అంటాం. ఆ మాటలో కవిత్వం వినిపిస్తుంది. ఓపెన్‌కాస్ట్ కింద ఊరు పోయినవాళ్లని 'నిర్వాసితులు' అంటాం. అది ఆఫీసు ఫైల్లో మాట. రెండిట్లోనూ వాసం పోయిందనే ఉంది. ఎవరి దుఃఖం కథవుతుందో, ఎవరిది లెక్కవుతుందో ఆ రెండు మాటలే చెప్పేస్తాయి. నీస్‌లోని పిల్లల్ని సరిగ్గా చదవడం నేర్చుకుంటే మా వైపు ఊళ్లని కూడా ఫైలు బయట చదవగలమని నా ఆశ.

చివరికి ఎవరు ఎక్కడ? ఖలీఫా 1944లో పారిస్‌లో పోయాడు. ఇస్తాంబుల్‌లో మట్టి చేయనివ్వమని కూతురు అడిగినా ఒప్పుకోలేదు. పదేళ్ల తర్వాత మదీనాలో చోటు దొరికింది. నీలోఫర్ 1989లో పారిస్‌లో, దుర్రుషెహ్వార్ 2006లో లండన్‌లో చనిపోయారు. ముకర్రం జా 2023 జనవరిలో, అమ్మని వెళ్లగొట్టిన ఇస్తాంబుల్‌లోనే కన్నుమూస్తే, తెచ్చి మక్కా మసీదులో పూడ్చారు. తల్లికి దొరకని సొంతవూరు కొడుక్కి దొరికింది.

నీలోఫర్‌కి పిల్లల్లేరు. తన దగ్గర పనిచేసే ఒకామె కాన్పులో చనిపోతే ఆ దుఃఖంతో ఆస్పత్రి కోసం పట్టుబట్టింది. వారసుల లెక్క రాసేవాళ్లు ఆమె పేరు పక్కన ఖాళీ వదిలేస్తారు. మా బస్టాండులో చంటిపిల్లని దుప్పట్లో చుట్టుకుని హైదరాబాద్ బస్సెక్కే తల్లిని చూసినప్పుడల్లా, ఆ ఖాళీ తప్పనిపిస్తుంది.