చవుడు మిద్దె మీదికి ఎవరెక్కాలి?

పైరు మొలవని నేలను చవుడు అంటాం. తడిస్తే కాలు జారుతుంది, ఆరితే తెల్లగా పొక్కులు లేస్తుంది. పొలంలో ఆ మరక కనబడితే రైతుకు దిగులు. అయినా అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో మన పెద్దవాళ్లు అదే మన్నును బండ్ల మీద తోలించి ఇంటి నెత్తిన పరుచుకున్నారు. చవుడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివడి సన్నటి సందులన్నిటినీ పూడ్చేస్తాయి, ఇక నీరు లోపలికి ఇంకదు. పొలంలో వేరుకు నీళ్లందకుండా చేసే గుణమే మిద్దె మీద ఇంటిని తడవకుండా కాపాడుతుంది. పైగా అందులో గడ్డీ గాదరా తొందరగా మొలవవు. ఏ పరీక్షా లేకుండా, చూపుతోనూ చేతి వేళ్లతోనూ ఈ సంగతి కనిపెట్టిన వాళ్లంటే నాకు చాలా గౌరవం.

మిద్దె కట్టే తీరు చెప్పుకోవాలి. రాయి దొరికేచోట రాతిని మట్టి అడుసుతో పేర్చి గోడ లేపేవారు. దొరకనిచోట ఉత్త మట్టే. మన్నును నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్లతో బాగా తొక్కి ఒక వరుస పెడతారు. అది ఆరి గట్టిపడ్డాకే పై వరుస. తొందరపడి ఒకే రోజు ఎక్కువ ఎత్తు లేపితే కింది వరుస పొట్ట పెట్టేస్తుంది. మందపాటి గోడల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలో చెక్కలో దగ్గరదగ్గరగా పేరుస్తారు. వాటిపైన ఆకూ అలమూ, ఆపైన మెత్తటి మట్టి, అన్నిటికీ పైన చవుడు. నీళ్లు తూము వైపు జారేలా కొంచెం వాలు పెట్టడంలోనే పనితనమంతా ఉంది. వాలు చాలకపోతే నీళ్లు నిలుస్తాయి, ఎక్కువైతే వానకు చవుడే కొట్టుకుపోతుంది. వెలుతురు రావడానికి, పొయ్యి పొగ పోవడానికి నడిమి కప్పులో గవాచి వదిలేవారు. వాన మొదలవగానే పైకెక్కి దాన్ని మూసేది ఇంట్లో పిల్లలే.

ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా పడని అనంతపురం సీమకు ఈ కప్పు సరిపోయింది. తుపాన్లు విరుచుకుపడే ఉత్తరాంధ్ర తీరంలో ఇదే కప్పు వేస్తే ఒక్క కార్తెకు నిలవదు. అందుకే అక్కడ తాటాకు కప్పిన గుండ్రటి చుట్టిళ్లు కట్టుకున్నారు. మే నెల ఎండలో మిద్దె కింద పడసాలలో చాప వేసుకుని పడుకున్నవాళ్లకు ఆ చల్లదనం గురించి నేను చెప్పనక్కర్లేదు.

అయితే ఈ ఇంటిని ఒకసారి కట్టి వదిలేస్తే కుదరదు. ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు మిద్దె ఎక్కాలి. మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకాలి, ఎలుక బొక్కలు పూడ్చాలి, నెర్రెలు చూసి కొత్త చవుడు పోసి సమం చేయాలి. గోడలకు ఎర్రమన్ను, సుద్ద పూయడం, నేల అలకడం ఆడవాళ్ల పని. దానికెవరూ కూలి లెక్క కట్టలేదు. మట్టిపని, రాతిపని ఎక్కువగా ఉప్పర, వడ్డెర కుటుంబాల చేతుల మీద నడిచింది. ఊరంతటికీ గోడలు లేపిన ఆ చేతులకు దక్కిన మర్యాద ఎంతో మనకు తెలుసు. ఆ పాత ఏర్పాటు ఉన్నదున్నట్టు తిరిగి రావాలని నేను కోరను. కానీ ఆ పని ఆగిపోయిన చోట ఇల్లు నిలవదు.

పని ఆగిపోవడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఎద్దులు పోయాయి, వాటితో బండ్లూ పోయాయి. రెండు బండ్ల చవుడు కోసం ట్రాక్టరు పిలిస్తే బాడుగ గిట్టదు. చవుడు నేలలు కొన్ని జిప్సం వేసి సాగులోకి తెచ్చుకున్నారు, కొన్ని ప్లాట్లయ్యాయి. కొడుకులు బెంగళూరులో ఉంటే ముసలి తల్లి నిచ్చెన ఎక్కగలదా? అన్నదమ్ములు భాగాలు పంచుకుని ఒకరు తన సగం పడగొట్టి స్లాబు వేస్తే, ఇద్దరినీ మోసిన దూలం మధ్యలో తెగుతుంది. కొత్త స్లాబు నీళ్లు పక్క మట్టిగోడ మీదే పడతాయి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది వీధి సిమెంటు రోడ్డు. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే మరో పొర, కొన్నేళ్లకు ఇంకో పొర పోస్తూ పోతే రోడ్డు గడప కంటే ఎత్తవుతుంది. వాన నీళ్లు గోడ మొదట్లో నిలుస్తాయి. గోడ ఆ తడిని పైకి పీలుస్తుంది. మోకాలెత్తు దాకా ఉప్పు పొంగి మట్టి పొడిపొడిగా రాలుతుంది. చూడ్డానికి బాగాలేదని ఇంటివాళ్లు అప్పు చేసి సిమెంటు పూత వేయిస్తారు. మట్టిగోడ తడిని పీల్చినట్టే గాలికి వదిలేస్తుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. బయటికి గోడ నున్నగా కనబడుతూనే ఉంటుంది, లోపల మాత్రం మెత్తబడుతూ ఉంటుంది. ఒకరోజు పూత పలకలుగా ఊడినప్పుడు వెనక మిగిలేది బురదే.

ఇంకో దెబ్బ లెక్కల్లో పడింది. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో మట్టి గోడ, మట్టి కప్పు ఉన్న ఇల్లు కచ్చా ఇల్లు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఆ జాబితా ఆధారంగానే మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయలు ఇచ్చింది. ఆ సొమ్ము కొత్త పక్కా ఇంటికే. మంచి దూలాలున్న మిద్దెను బాగు చేసుకుంటామంటే పలికేవాళ్లు లేరు. బీదవాళ్లు స్లాబు కోరుకోవడంలో తప్పేమీ లేదు. సంబంధం చూడడానికి వచ్చినవాళ్లు ముందు ఇంటి కప్పు వైపు చూస్తారు.

ఈ నామోషీని తేలిగ్గా తీసుకోకూడదు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి 1945లో లక్సర్ దగ్గర న్యూ గుర్నా అనే ఊరిని పచ్చి ఇటుకలతో, గుమ్మటాలతో ఎంతో అందంగా కట్టడం మొదలుపెట్టాడు. ఊరివాళ్లు చాలామంది అందులోకి రానన్నారు. పాత సమాధుల దగ్గరున్న వాళ్ల బతుకుతెరువు ఒక కారణం. గుమ్మటం వాళ్లకు సమాధిని గుర్తు చేయడం ఇంకొకటి. అందులో ఉండాల్సిన మనిషికి మర్యాద అనిపించని ఇంటిని ఎంత గొప్ప శిల్పీ నిలబెట్టలేడు.

ముసురు పట్టిన ప్రతి ఏడాదీ మట్టి మిద్దె కూలి ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. వాటిని పక్కకు నెట్టి ఈ ఇళ్లను పొగడలేను. పాత చవుడు తీయకుండా ఏటా కొత్తది పోస్తే బరువు పెరుగుతుంది. కింద దూలం చెదలు తిని ఉంటుంది. మూడు రోజుల వానకు మట్టి నానితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. మిద్దె ఉరవడం మొదలైనా, మట్టి రాలినా ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు.

ఏటా చేయాల్సిన ఈ పనిని ఊరంతా పంచుకునే చోటు ఒకటి ఉంది, మాలీలోని జెన్నే. 1907లో కట్టిన అక్కడి మట్టి మసీదుకు ఏటా ఊరు ఊరంతా కలిసి కొత్త పూత పూస్తుంది. ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, కుర్రవాళ్లు తట్టలతో అడుసు అందిస్తారు, మేస్త్రీల సంఘం పని నడుపుతుంది. యునెస్కో 1988లోనే ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినా, 2016లో ప్రమాదంలో ఉన్నవాటిలోకి మార్చాల్సి వచ్చింది. ఊరంతా చేసుకునే ఆ పండుగ మసీదుకు అండగా ఉంది. మామూలు ఇళ్లకు అలాంటి అండ లేదు. మన మిద్దెల సంగతీ అంతే.

ఆ అండ కూలి రూపంలో రావచ్చు. ఆవాస్ యోజన కింద కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకు ఉపాధి హామీ నుంచి 90 రోజుల కూలి ఇచ్చిన పద్ధతి మైదాన ప్రాంతాల్లో నడిచింది. అందులో కొన్ని రోజుల కూలి ఏటా పాత మిద్దెలకు కేటాయించినా చాలా ఇళ్లు నిలుస్తాయి. చవుడు పాళ్లూ వాలూ తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా పల్లెల్లో ఉన్నారు. వాళ్లను గురువులుగా పెట్టి, జీతమిచ్చి, కుర్రవాళ్లకు నేర్పించాలి. ముందు దూలాలు తట్టి చూడాలి, డొల్ల మోత వస్తే మార్చాలి. తర్వాత పైనున్న పాత మన్ను దించి బరువు తగ్గించాలి. కొత్త చవుడు ఆ తర్వాతే. రోడ్డు వేసే కాంట్రాక్టరు పాత పొర తవ్వాకే కొత్తది పోయాలని గ్రామసభ తీర్మానం చేయాలి. ఆ తీర్మానానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.